పేరులో పరపతి

పోయిన దసరాకు మా బళ్ళారిలో, ఎప్పుడూ భజనలకు కూడే రాములవారి గుడి వెనక గదిలో, పదిహేనుమందిమి చాపల మీద కూర్చున్నాం. బట్టల అంగళ్ళవాళ్ళు ఇద్దరు, జీన్సు ప్యాంట్లు కుట్టించేవాళ్ళు ముగ్గురు, రిటైరైన అయ్యవారు ఒకరు, కాయగూరల బండి పెట్టుకున్న ఒక అక్క, ఆమెను వెంటబెట్టుకొచ్చిన మా బావ, ఇంకా కొందరు. అందరమూ మూడు నాలుగు తరాల కింద ఇక్కడ నిలబడిపోయిన తెలుగు కుటుంబాలవాళ్ళమే. సంగతేమంటే, మావాళ్ళు ఒక పరపతి సంఘం పెట్టుకోవాలని. పొద్దున రోజువడ్డీకి తెచ్చి సాయంత్రానికి వాడికే సంపాదించిపెట్టే బతుకు ఎన్నాళ్ళని!

షేరుధనం, బైలాలు, అప్పుకు పరిమితి, ఇవన్నీ గంటలో తేలిపోయాయి. పేరు దగ్గర బండి దిగబడింది. ఒకాయన కులం పేరు పెడదామన్నాడు, ముందుగా డిపాజిట్లు వేసేది కులంవాళ్ళే కదా అని. ఇంకొకాయన ఇలవేల్పు పేరన్నాడు. కుర్రవాళ్ళకు ‘ప్రైమ్’, ‘స్మార్ట్’ లాంటివి కావాలి. అయ్యవారు మాత్రం ‘ఆంధ్ర’ అన్న మాట ఉండి తీరాలని పట్టుబట్టారు. “ఇది కర్ణాటకం సార్. పుట్టిందీ ఇక్కడే, పోయేదీ ఇక్కడే. ఆ మాట ఎందుకు?” అని జీన్సు యూనిట్టాయన లేచాడు. గొంతులు పెరిగాయి. చివరికి మా బావ నావైపు తిరిగి, “ఏమప్పా, ముప్పై ఏండ్లుగా బ్యాంకు ఉప్పు తింటివి, నువ్వు చెప్పు” అన్నాడు.

నేను బి.కాం. వాణ్ణి. జమాఖర్చు తెలుసు గాని నామకరణం తెలియదు. వారం గడువడిగి తప్పించుకున్నాను. ఆ వారంలో చదివినవీ, ఉద్యోగంలో చూసినవీ కలిపి రాసుకున్న కాగితాలే ఈ వ్యాసం.

ముందుగా ‘పరపతి’ అన్న మాటే చూడండి. ఇంగ్లీషులో క్రెడిట్ అనే మాటకు మూలమైన లాటిను ధాతువుకు నమ్మడం అని అర్థం. మన తెలుగులో పరపతి అంటే అప్పు పుట్టే శక్తి. ఊళ్ళో మాట చెల్లే శక్తి కూడా. ‘ఆయనకు తాలూకాఫీసులో పరపతి ఉంది’ అంటాం, అక్కడ అప్పు ప్రసక్తే లేదు. కన్నడంలో ‘పత్తిన సహకార సంఘ’ అంటారు. మరాఠీలో ‘పతసంస్థా’, ‘పతపేఢీ’. సోలాపూరులోనూ ముంబయిలోనూ ఉన్న మన పద్మశాలీలకు ఈ మాటలు నోటికి అలవాటే. తమిళంలో పాతకాలం పేరు ‘నాణయ సంగం’. నాణయం అంటే అక్కడ నాణెమూ అవుతుంది, మాట తప్పని గుణమూ అవుతుంది. తర్వాత ‘కడన్ సంగం’ వాడుకలోకి వచ్చింది; అంటే ఉత్త అప్పుల సంఘం. మొదటి పేరు మనిషి గుణాన్ని చెప్పింది, రెండోది అతని అవసరాన్ని చెప్పింది. నాకైతే పాతదే బాగుంది.

ఇంకో ముచ్చట. మహారాష్ట్రలో ఇలాంటి సంఘాల బోర్డుల చివర ‘మర్యాదిత’ అని ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు ఎంత మర్యాదస్తులో అనుకున్నాను. తీరా అది లిమిటెడ్ అన్నదానికి మరాఠీ. మర్యాద అంటే హద్దు అనేది సంస్కృతార్థం. అప్పులకు బాధ్యత ఇంతవరకే అని చెప్పడానికి అంతకంటె మర్యాదైన మాట దొరకదు.

ఇక చరిత్రలోకి. ఈ ఉద్యమం పుట్టింది జర్మనీలో. షుల్జే అనే న్యాయాధికారి 1850లో పట్నాల చేతివృత్తులవాళ్ళ కోసం అప్పు సంఘాలు మొదలుపెట్టాడు. ప్రష్యా శాసనసభలో షుల్జేలు చాలామంది ఉండటంతో గుర్తు కోసం తన ఊరు డెలిట్జ్ పేరు తగిలించుకుని షుల్జే-డెలిట్జ్ అయ్యాడు. మన ఇంటిపేర్లు ఊళ్ళ నుంచి వచ్చినట్టే. ఆయన ధోరణి సంఘాలకు జనం పెట్టుకున్న పేరు ‘ఫోల్క్స్‌బ్యాంక్’, ప్రజల బ్యాంకు. రెండో ఆయన రైఫైజెన్, రైను నది ప్రాంతంలో ఓ చిన్న ఊరి మేయరు. 1864లో హెడెస్‌డార్ఫ్‌లో రైతుల సంఘం పెట్టాడు. దానికాయన పెట్టిన పేరుకు తెలుగు చెబితే ‘అప్పుల పెట్టె సంఘం’ అంతే. ఏ ఆడంబరమూ లేదు. కాని జనం ఆయన పేరుతోనే పిలిచారు. ఆయన 1888లో పోయాడు. ఈనాటికీ జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లండుల్లో బ్యాంకుల బోర్డుల మీద ఆ ఇంటిపేరు ఉంది. పెట్టిన పేరు పోయి, సంపాదించుకున్న పేరు నిలిచింది.

కెనడాలో అల్ఫోన్స్ డెజార్దాఁ 1900లో లెవీ అనే ఊళ్ళో పెట్టినదాని పేరు ‘కేస్ పోప్యులేర్’, అదీ ప్రజల ఖజానానే. ఇక్కడొక విశేషం చెప్పాలి. అమెరికాలో ‘క్రెడిట్ యూనియన్’ అనే మాటకు చట్టంలో చోటు దొరికింది మసాచుసెట్స్ రాష్ట్రంలో, 1909లో. దాని వెనక నిలబడ్డ బోస్టన్ వ్యాపారి ఎడ్వర్డ్ ఫైలీన్ 1907లో మన దేశం వచ్చి, ఇక్కడి పల్లెల్లో సహకార పరపతి సంఘాలను చూసి వెళ్ళినవాడు. మనం యూరపు నుంచి అరువు తెచ్చుకున్నది అమెరికాకు మన ఊళ్ళ మీదుగా పోయిందన్నమాట.

మన దగ్గరికి ఆ ఆలోచన తెచ్చింది మద్రాసు ప్రభుత్వం పంపిన ఫ్రెడరిక్ నికల్సన్. 1895లోనూ 1897లోనూ ఆయన ఇచ్చిన రెండు సంపుటాల నివేదిక సారాంశం, ఈ దేశపు రైతుకు కావలసింది ఒక రైఫైజెన్ అని. 1904లో చట్టం వచ్చింది. అంతకు పదిహేనేళ్ళ ముందే, 1889లో, ఏ చట్టమూ లేకుండానే బరోడాలో కొందరు మధ్యతరగతివాళ్ళు విఠల్ లక్ష్మణ్ కవఠేకర్ ముందుండగా ఒక సంఘం పెట్టుకున్నారు. పేరు ‘అన్యోన్య సహకారీ మండలి’. చూడండి, కులం లేదు, దేవుడు లేడు, ఊరు కూడా లేదు. ఒకరికొకరు అని మాత్రమే ఉంది.

చట్టం వచ్చాక మొదటి పట్టణ పరపతి సంఘం 1904 అక్టోబరులో మద్రాసు రాజధానిలోని కంచిలో రిజిస్టరయింది. 1905లో మా బళ్ళారికి ఎంతో దూరం లేని గదగు దగ్గర కణగినహాళలో సిద్ధనగౌడ పాటీలు రైతుల సంఘం పెట్టాడు. ఆ రెండేళ్ళలో పుట్టినవాటి పేర్ల జాబితా చదువుతుంటే నాకు నవలలా అనిపించింది. బెంగళూరు సిటీ సంఘం. బొంబాయిలో ‘పయొనీర్ అర్బన్’. పూనాలో మిలిటరీ అకౌంట్సు గుమాస్తాలు పెట్టుకున్న ‘నంబర్ వన్ మిలిటరీ అకౌంట్స్ మ్యూచువల్ హెల్ప్’ సంఘం. రత్నగిరి దక్షిణాన వరవడే నేతగాళ్ళ సంఘం. మధ్యలో, 1906 జనవరిలో, పూనాలోనే ‘కాస్మాస్’! చేతిలో కొద్దిపాటి షేరుధనం పెట్టుకొని విశ్వం అని పేరు పెట్టుకున్నారు. ఆ మిలిటరీ గుమాస్తాల పేరు నిజాయితీగలది: ఎవరం, ఏం చేస్తాం అని రెండూ చెప్పింది. కాని ఆఫీసు దాటి పెరగడానికి అందులో జాగా లేదు. కాస్మాస్‌లో జాగా కావలసినంత. అది ఈనాడు పెద్ద సహకార బ్యాంకుల్లో ఒకటి. అదే 1906 డిసెంబరులో తల్మకీ అనే ఆయన తన గురువు పేరిట ‘శ్యామరావ్ విఠల్’ సంఘం పెట్టాడు. అదీ నూరేళ్ళు దాటి బతికింది గాని, బోర్డు మీద ఎస్.వి.సి. అని మూడు అక్షరాలకు కుదించుకుంది. మనిషి పేరు పెడితే, ఆ మనిషిని ఎరిగినవాళ్ళు పోయాక పొడి అక్షరాలు మిగులుతాయి.

కులం పేరు సంగతి. దీన్ని తేలిగ్గా తీసిపారేయడం న్యాయం కాదు. అప్పు ఎగ్గొట్టినవాడు పెళ్ళిపందిట్లో ఎదురుపడాల్సి వస్తుందనే భయమే ఆ రోజుల్లో అసలైన జామీను. బెంగళూరులో 1930లో ఆర్యవైశ్యులు పెట్టుకున్న బ్యాంకు వైశ్య బ్యాంకు. మన పత్రిక పాఠకుల్లో చాలామందికి తెలుసు, ఆ బజార్ల ఇళ్ళల్లో తెలుగే వినపడేది. 2002లో దానికి ముందు ఒక విదేశీ పేరు చేరింది, 2015లో ఇంకో బ్యాంకులో కలిసి రెండూ పోయాయి. తూత్తుకుడిలో 1921లో పుట్టిన నాడార్ బ్యాంకు కథ వేరు. 1962లో వాళ్ళంతట వాళ్ళే కులం పేరు తీసేసి ‘తమిళనాడు మర్కంటైల్ బ్యాంకు’ అయ్యారు. ఆ రాష్ట్రానికి తమిళనాడు అనే పేరు అధికారికంగా వచ్చింది 1969లో. అంటే బోర్డు రాష్ట్రానికంటె ఏడేళ్ళు ముందుంది.

ఊరి పేర్లదీ అదే తంతు. 1904లో కుంభకోణం బ్యాంకు. 1965లో సిటీ ఫార్వర్డ్, యూనియన్ అనే రెండు చిన్న బ్యాంకులను కలుపుకొని కుంభకోణం సిటీ యూనియన్ బ్యాంకు. 1987లో కుంభకోణం జారిపోయి సిటీ యూనియన్ మిగిలింది. హెడ్డాఫీసు మాత్రం ఇప్పటికీ ఆ ఊళ్ళోనే. కన్నడ తీరంలో అయితే ఒక్క ‘కెనరా’ అన్న పేరు కింద ముగ్గురు పుట్టారు: 1906లో మంగళూరులో కెనరా హిందూ పర్మనెంట్ ఫండ్, అదే ఏడు ఉడుపిలో కెనరా బ్యాంకింగ్ కార్పొరేషన్, 1925లో కెనరా ఇండస్ట్రియల్ అండ్ బ్యాంకింగ్ సిండికేట్. మొదటిది కెనరాను ఉంచుకుంది, రెండోది కార్పొరేషన్ అయింది, మూడోది సిండికేట్ అయింది. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నట్టు పేరు పంచుకున్నారు.

ఆ మూడో తమ్ముడి గురించి కొంచెం ఆగి చెప్పాలి. 1928లో వాళ్ళొక పథకం పెట్టారు. ఏజెంటు రోజూ అంగడికీ ఇంటికీ వచ్చి రెండణాల దాకా చిన్న మొత్తాలు వసూలు చేసుకుపోతాడు. దానికి పెట్టిన పేరు ‘పిగ్మీ’ డిపాజిట్. పిగ్మీ అంటే మరుగుజ్జు. ఏ జ్యోతిష్కుడూ ఒప్పుకోని పేరు. కాని ఈనాడు కర్ణాటకంలో ఏ బజారుకైనా వెళ్ళి చూడండి. ఏ సంఘమైనా కానీయండి, రోజు కట్టే డబ్బు ‘పిగ్మీ’యే. మా కాయగూరల అక్క కూడా “పిగ్మీ కట్టేదుంది” అంటుంది. ఆమెకు ఇంగ్లీషు రాదు, సిండికేటు పేరూ గుర్తు లేదు. 2020 ఏప్రిల్ ఒకటిన సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిసిపోయింది. పెద్దాయన పేరు పోయి మరుగుజ్జు మిగిలాడు. రోజూ గడప దగ్గరికి వచ్చిన పేరు కాబట్టి మిగిలిందని నా లెక్క.

ఇప్పుడు అయ్యవారి ‘ఆంధ్ర’ మాట. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ. పదేళ్ళ తర్వాత, 1923 నవంబరులో, బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో ఆంధ్రా బ్యాంకు తెరిచారు. అప్పటికి దేశపటంలో ఆంధ్ర అనే రాష్ట్రం లేదు, ఇంకో ముప్పై ఏళ్ళకు గాని రాలేదు. కాబట్టి ఆ పేరు ఒక చిరునామా కాదు, ఒక కోరిక. ఇంకా వెనక్కి వెళితే, అదే మాటతో కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1908లో ఆంధ్రపత్రిక వారపత్రిక పెట్టింది ఎక్కడ? బొంబాయిలో. 1914లో దినపత్రిక చేసింది మద్రాసులో. బయట ఉన్నవాళ్ళకే ఆ పేరు ముందు కావలసివచ్చింది. మళ్ళీ అదే మనిషి తలనొప్పి మందుకు మాత్రం భాష పేరు పెట్టలేదు. 1893లో బొంబాయిలోనే దానికి ‘అమృతాంజనం’ అని పెట్టారు. మరాఠీవాడూ గుజరాతీవాడూ తమిళుడూ తనదే అనుకునే మాట. తనవాళ్ళతో మాట్లాడేటప్పుడు ఒక పేరు, అందరికీ అమ్మేటప్పుడు ఒక పేరు. పంతులుగారికి ఆ తేడా తెలుసు.

1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు మా జిల్లాలో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి. బళ్ళారితో సహా మిగతావి మైసూరులో చేరాయి. మా అయ్యవారి పట్టుదల వెనక ఉన్నది ఆ సంవత్సరమేనని నాకు తెలుసు. ఆయన తండ్రి ఆనాటి సభల్లో తిరిగినవాడు. ఆంధ్రా బ్యాంకు కూడా 2020 ఏప్రిల్ ఒకటిన యూనియన్ బ్యాంకులో కలిసింది. నేను పనిచేసిన శాఖ ఏ బ్యాంకుదో రాయను గాని, అలాంటి ఒక విలీనం నేనూ చూశాను. బోర్డు దించిన నాడు ఒక ముసలాయన పాత పాసుబుక్కు తిరిగి ఇవ్వనన్నాడు. “కొత్తది ఇవ్వు సారూ, వద్దనను. ఇది మాత్రం నాకాడే ఉండనీ” అని జేబులో పెట్టుకున్నాడు. నియమం ప్రకారం పాత పుస్తకానికి చిల్లు కొట్టాలి. కొట్టలేదు.

మా ఊరి గ్రామీణ బ్యాంకు కథ కూడా ఇలాంటిదే. 1976లో తుంగభద్ర గ్రామీణ బ్యాంకుగా పుట్టింది. 2005లో మరి మూడింటితో కలిసి ప్రగతి అయింది. 2013లో ప్రగతి కృష్ణ. 2019లో కర్ణాటక గ్రామీణ బ్యాంకు. 2025లో ఇంకొకటి కలిసినా ఆ పేరే. ముందు నది పేరు, తర్వాత ఆశయం పేరు, తర్వాత ఆశయమూ ఇంకో నదీ, చివరకు రాష్ట్రం. మా అత్తగారి ఊళ్ళో రైతులు మాత్రం ఇంకా ‘తుంగభద్ర’ అనే అంటారు.

పేరుకు చట్టం ఒడ్డిన కంచెలూ ఉన్నాయి. 1950 నాటి చట్టం ప్రకారం గాంధీ, నెహ్రూ, ఛత్రపతి శివాజీ లాంటి పేర్లను వ్యాపారానికి తగిలించుకోరాదు. ప్రభుత్వానిది అనిపించే పేరూ కూడదు. అంతకంటె ముఖ్యమైనది ‘బ్యాంకు’ అనే మాట. 1949 నాటి బ్యాంకింగ్ చట్టం ఏడో సెక్షను ఆ మాటకు కాపలా. 1966 మార్చి నుంచి ఆ చట్టం సహకార బ్యాంకులకూ వచ్చింది. 2020 సవరణ తర్వాత, లైసెన్సు లేని సహకార సంఘాలు బ్యాంకు అన్న మాట వాడుతున్నాయని 2021 నవంబరులో రిజర్వు బ్యాంకు జనాన్ని హెచ్చరించింది. ఎందుకింత పట్టింపు అంటే, బ్యాంకు డిపాజిట్‌కు ఐదు లక్షల దాకా బీమా ఉంది. పరపతి సంఘంలో వేసినదానికి అది లేదు. ఒక్క మాట చూసి జనం లేని బీమాను ఉందనుకుంటారు.

మా పిన్నమ్మ అలాగే అనుకుంది. 1997 ప్రాంతంలో, చిన్నాయన పోయాక వచ్చిన నలభై వేలూ ఒక ఫైనాన్సులో వేసింది. పేరు చెప్పను. ఓ దేవుడి పేరు, దాని పక్కన బ్యాంకులా వినపడే ఇంకో మాట. నేనప్పటికే ఉద్యోగంలో ఉన్నాను. “ఆ పేరు పెట్టుకొని మోసం చేస్తార్రా?” అని అడిగింది. రెండు శాతం వడ్డీ ఎక్కువ ఇస్తున్నారంటే నేనూ గట్టిగా వద్దనలేదు. పద్దెనిమిది నెలలకు తాళం పడింది. తర్వాత ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు. దసరానాటి సభలో ఇలవేల్పు పేరు అన్నప్పుడు నాకు నోరు పెగలకపోవడానికి కారణం ఇదే. భక్తి లేక కాదు.

తర్వాతి ఆదివారం మళ్ళీ కూడాం. ఈ కాగితాలు చదివాను. కులం పేరన్నాయన ముందుగా దిగొచ్చాడు, నాడార్ల సంగతి విని. ఇంగ్లీషు పేర్లు వాటంతటవే రాలిపోయాయి. అయ్యవారు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు కాయగూరల అక్క, “పేరేదన్నా పెట్టుకోండి నాయనా, నా పుస్తకంలో లెక్క నేను చదువుకునే బాసలో రాస్తారా?” అంది. ఆమె చదువుకున్నది కన్నడ బడిలో నాలుగో తరగతి దాకా. ఇంట్లో మాట తెలుగు, అక్షరం కన్నడం. అయ్యవారు ఆమెవంక చూసి నవ్వారు. “కన్నడ అక్షరాల్లో రాసినా తెలుగు తెలుగే కదమ్మా. అయితే రెండు భాషల్లోనూ ఒకటిగానే ఉండే మాట చూడండి” అన్నారు.

అలాంటి మాట దొరికింది. మూడక్షరాలు, రెండు భాషల్లోనూ ఒకే అర్థం, కులమూ దేవుడూ లేరు. దరఖాస్తు ఇంకా రిజిస్ట్రారు ఆఫీసులో ఉంది గనక ఇక్కడ బయటపెట్టను. ‘బ్యాంకు’ అన్న మాట దాని దరిదాపుల్లో ఉండరాదని బైలాల్లోనే రాయించాను. డిపాజిటుకు బీమా లేదని పాసుబుక్కు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో వేయాలన్నాను. “ఇట్ల రాస్తే ఎవరేస్తారప్పా?” అన్నాడు బావ. రాయకపోతే నేను రానన్నాను. రాయడానికే ఒప్పుకున్నారు.

ఇక బోర్డు. 2024లో వచ్చిన సవరణ ప్రకారం ఇక్కడ బోర్డుల్లో అరవై శాతం కన్నడం ఉండాలి. దాని మీద ఎవరికీ పేచీ లేదు. ఎస్టిమేటు కోసం పిలిచిన పెయింటరు టేపు తీసి గోడ కొలిచి, మిగతా నలభైలో ఇంగ్లీషెంత, తెలుగెంత అని అడిగాడు. దానికోసం వచ్చే ఆదివారం మళ్ళీ కూడాలి.